రాక్షసుణ్ణి పరిచయం చెయ్యడం

మదరాసులో రెండు మూడు తరాలుగా కాపురం ఉంటున్న మన తెలుగు కుటుంబాలలో కొన్నింట ఈ మధ్య ఒక కొత్త ఆట ప్రవేశించింది. నలుగురైదుగురు పిల్లలు బల్ల చుట్టూ కూచుంటారు. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవాళ్ళు తలా ఒక పాత్ర ధరిస్తారు. ఒకడు కత్తి వీరుడు, ఒకతె మంత్రగత్తె, ఇంకొకడు గజదొంగ. "మీరు ఒక గుహ ముందు నిలబడి ఉన్నారు. లోపలి నుంచి పొగ వస్తున్నది. ఏం చేస్తారు?" అంటాడు కథ నడిపేవాడు. వీళ్ళు ఏం చేస్తామో చెబుతారు. చేసిన పని ఫలించిందీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. ఆ పాచికలు మన వైకుంఠపాళీ పాచికల వలె ఆరు ముఖాలవే కావు, ఇరవై ముఖాలవి కూడా ఉంటాయి. దీనికి ఇంగ్లీషులో పొడుగాటి పేరు ఉన్నది గాని, మనం పాత్రల ఆట అనుకుందాం.

ఈ ఆట చూసి విసుక్కునే పెద్దలు లేకపోలేదు. ఆదివారం పూట నాలుగు గంటల సేపు లేని గుహలో లేని రాక్షసుడితో యుద్ధమేమిటని వారి ప్రశ్న. నాకు మాత్రం ఇందులో ఒక సంగతి ఆసక్తి కలిగించింది. కథ నడిపేవాడి చేతిలో తరచు ఒక అచ్చుపుస్తకం ఉంటుంది. ఏ గదిలో ఏమున్నదీ, ఏ మలుపులో ఏ రాక్షసి కాచుకుని ఉన్నదీ అందులో రాసి ఉంటుంది. కొన్ని పేరాల చుట్టూ గీత గీసి ఉంటుంది. గీత లోపలిది పైకి చదవాలి. గీత బయటిది కథ నడిపేవాడు ఒక్కడే చూసుకోవాలి. రాక్షసుడు సాధారణంగా ప్రత్యక్షమయేది ఈ గీత లోపలి పేరాలోనే. ఆ పేరా బాగుంటే పిల్లలు కుర్చీలు ముందుకు లాక్కుంటారు. బాగా లేకపోతే ఒకడు సెల్‌ఫోను తీస్తాడు, ఒకడు మంచినీళ్ళకు లేస్తాడు.

నాలుగు మాటలతో ఒక రాక్షసుణ్ణి నలుగురి ముందు నిలబెట్టడం ఎట్లా? ఈ నెల మన విషయం అదే. ఇది ఆ ఆట ఆడే పిల్లల గొడవ, మనకెందుకు అనుకోకండి. చెవికి తెలుగు వచ్చి కంటికి తెలుగు రాని పిల్లలు మన ఇళ్ళలో ఎంతోమంది ఉన్నారు. బళ్ళో వాళ్ళు చదివేది ఇంగ్లీషు, తమిళం, హిందీ. వాళ్ళకు తెలుగు కథ చేరాలంటే ఎవరో ఒకరు చదివి వినిపించాలి, లేదా నోటితో చెప్పాలి. అంటే ప్రతి ఇంట్లోనూ ఒకరు కథ నడిపేవారు కావలసిందే. ఆ ఒకరి చేతికి ఎటువంటి రాత అందాలన్నది మనకూ పట్టిన సంగతే.

ముందు ఆ ఆట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో చిన్న పెట్టెలో మూడు పుస్తకాలు పెట్టి అమ్మారు. పాత్రల ఆటలలో అచ్చయి బజారుకు వచ్చిన మొదటిది ఇదే. ఆ మూడింటిలో రెండోది రాక్షసులకూ నిధులకూ కేటాయించినది. 1977లో రాక్షసులకే ఒక గట్టి అట్ట పుస్తకం వచ్చింది. అందులో మూడు వందలకు పైగా జంతువులూ, భూతాలూ అకారాది క్రమంలో కొలువు తీరి ఉన్నాయి. ఏది ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటుంది, దాని చర్మం ఎంత గట్టిది, దాని దగ్గర ఎంత సొమ్ము దొరుకుతుంది—ఇవన్నీ అంకెలలో ఇచ్చారు.

అన్ని భూతాలూ పురాణాల నుంచి వచ్చాయనుకుంటే పొరపాటు. చవక బజారులో అమ్మే రబ్బరు బొమ్మల సంచీలో పేరూ ఊరూ లేని వింత జంతువులు కొన్ని గైగాక్స్‌కు దొరికాయి. వాటిని బల్ల మీద పెట్టి ఆడుతూ ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్వభావం కల్పించారు. గుడ్లగూబ తల పెట్టుకున్న ఎలుగుబంటి అట్లా పుట్టినదే. ఇనుము తినే జంతువు అట్లా పుట్టినదే. ఈ రెండోదాని సంగతి వినదగినది. అది ఎవరినీ చంపదు. దాని మీసాలు తగిలితే చాలు, కత్తీ కవచమూ తుప్పు పట్టి రాలిపోతాయి. ఆ తుప్పు దాని ఆహారం. ఇరవైమంది దయ్యాలకు జంకని వీరుడు కూడా దాన్ని చూసి పరుగెత్తుతాడు, ఎందుకంటే వాడి ఆస్తి అంతా ఒంటి మీద ఉన్న ఇనుమే. దీనికి కోరలూ లేవు, నిప్పు కళ్ళూ లేవు. అయినా ఆ ఆటలో ప్రసిద్ధికెక్కిన రాక్షసులలో అదొకటి. భయానికి కోరలు అవసరం లేదని దీనివల్ల తెలుస్తున్నది గదా!

ఇక ఆ అచ్చుపుస్తకాలలో తరచు కనిపించే దోషాలు మూడు. మొదటిది, పేరు ముందే చెప్పెయ్యడం. ఫలానా రాక్షసుడు వచ్చాడనగానే, ఆ పేరు తెలిసిన పిల్లవాడు, "వాడికి నిప్పంటే భయం, నిప్పు తెండి" అంటాడు. పేరు తెలియని పిల్లవాడికి ఏమీ కనిపించదు. ఇద్దరికీ భయం లేదు. రెండవది, వరస తప్పడం. గది గోడల మీది తెరలూ, మూలనున్న భోషాణమూ, కిటికీ రెక్కల చెక్కడమూ అంతా వర్ణించి, ఆఖరున, "గది మధ్య ఒక డ్రాగన్ పడుకుని ఉన్నది" అంటారు. డ్రాగన్ ఉన్న గదిలో కాలు పెట్టినవాడు కిటికీ రెక్కలు చూస్తాడా? మూడవది, వినేవాడి గుండె సంగతి కూడా వీరే చెప్పడం. "మీ ఒళ్ళు గగుర్పొడిచింది, మీ కాళ్ళు వణికాయి" అని చదివితే, "నాకేం వణకలేదు" అంటాడు పిల్లవాడు. వాడు చెప్పింది నిజమే.

ఈ మూడు దోషాలకూ మూలం ఒక్కటే. రాసినవాడు తన పాఠకుడెవరో మరిచిపోవడం. మామూలు కథలో రచయిత, పాఠకుడు, ఇద్దరే. ఇక్కడ ముగ్గురున్నారు. రాసేవాడు ఒకడు, దాన్ని నోట పలికేవాడు ఒకడు, వినేవాళ్ళు కొందరు. రాసినవాడు వినేవాళ్ళను ఎన్నడూ చూడడు. మధ్యవాడు ఆ మాటలు తన గొంతుతో పలకాలి, అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి, అవసరమైతే అక్కడికక్కడే ఒక మాట మార్చుకోవాలి. కనక వాడికి ఇవ్వవలసింది నోటికి సులువైన మాటలు, ఒక సాగే వరస, దాచుకోవడానికి ఒక రహస్యం.

ఇది పాశ్చాత్యులు కొత్తగా కనిపెట్టిన ఏర్పాటేమీ కాదు. మన పురాణ కాలక్షేపం నడిచింది ఇట్లాగే. హరికథ, బుర్రకథ నడిచింది ఇట్లాగే. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే కోడంబాక్కం దాటి పోనక్కరలేదు. ఆర్కాటు రోడ్డు వెంట వడపళని దాకా పోతే చాలు.

ఆ వడపళనిలోనే నాగిరెడ్డిగారి అచ్చుకూటం నుంచి దశాబ్దాల తరబడి 'చందమామ' వెలువడింది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు దాన్ని ప్రారంభించారు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో కన్ను మూసేదాకా దాని బాధ్యత వహించారు. ఆ పత్రిక చదివిన పిల్లలు ఎందరో, చదవగా విన్న పిల్లలు అంతకు మించి ఉంటారు. సాయంత్రం వేళ చదవడం వచ్చిన పిల్లో, తాతగారో పైకి చదువుతూ ఉంటే, చదువు రాని చిన్నవాళ్ళూ, వంటింట్లో ఉన్న ఆడవాళ్ళూ కూడా వినేవారు. కుటుంబరావుగారి వాక్యం ఈ పనికి చక్కగా అమరింది. ఊపిరి సరిపోయేటంత వాక్యం, వాక్యానికి ఒక్క సంగతి, సమాసాల పీడ లేదు. పెద్దగా చదివి చూస్తే తప్ప ఆ సౌఖ్యం తెలియదు.

రాక్షసులూ మాంత్రికులూ అందులో కొల్లలు. దాసరి సుబ్రహ్మణ్యంగారి 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'భల్లూక మాంత్రికుడు' వంటి ధారావాహికలు ఎన్నో ఏళ్ళు నడిచాయి. చాలాకాలం వాటి మీద రచయిత పేరే లేదు. అయినా నెల నెలా రాక్షసుడి కోసం పిల్లలు కాచుకుని ఉండేవారు. ఆ కథల్లో రాక్షసుడికి సాగదీసిన వర్ణన తక్కువ. ఆ బరువు చాలావరకు బొమ్మ మోసింది. 'చిత్రా' అని సంతకం చేసిన రాఘవన్‌గారూ, 1952లో చేరిన శంకర్‌గారూ ఆ బొమ్మలు వేశారు. శంకర్‌గారు 2020లో చనిపోయారు. ఒరలేని కత్తి చేత పట్టుకుని, భుజాన శవాన్ని వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ ఆయనదే. ఆ బొమ్మ చూపిస్తూ చదివేవారికి శవం ఎట్లా ఉన్నదో చెప్పవలసిన పని లేదు.

పాత్రల ఆట వారికి కూడా ఈ ఉపాయం తట్టింది. 1978లో అచ్చయిన 'టూంబ్ ఆఫ్ హారర్స్' అనే సాహసంతో పాటు, కథ నడిపేవాడు తగిన సమయానికి తీసి చూపించడానికి విడిగా ఒక బొమ్మల పుస్తకం ఇచ్చారు. రూపం బొమ్మకు వదిలితే మాటలకు వేరే పని దొరుకుతుంది.

ఆ వేరే పని ఏమిటో మన బేతాళుణ్ణే అడుగుదాం. బేతాళుడికి కోరలున్నాయా, ఎన్ని చేతులు, ఏ రంగు? చాలామంది చెప్పలేరు. కాని వాడి షరతు మాత్రం అందరికీ కంఠతా వచ్చు. జవాబు తెలిసి చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఎటు పోయినా రాజుకు కష్టమే. బేతాళుడి భయంకరత్వమంతా ఈ షరతులోనే ఉన్నది. ఆట ఆడే పిల్లలకు ఇటువంటి రాక్షసుడు దొరికితే పండగే. ఎందుకంటే వాళ్ళకు కావలసింది చూసి బెదరడం కాదు, ఏం చెయ్యాలో తోచక తల గోక్కోవడం.

ఇంకా వెనక్కి పోయి అరణ్యకాండలో కబంధుణ్ణి చూద్దాం. సీత కోసం వెతుకుతూ రామలక్ష్మణులు అడవిలో పోతున్నారు. ముందు దుశ్శకునాలు. తరువాత అడవి అంతా విరిగిపడుతున్నట్టు పెద్ద చప్పుడు. ఆ చప్పుడు ఎక్కడిదా అని చూస్తే అప్పుడు కనిపించాడు. తల లేదు, మెడ లేదు. నోరు కడుపులో ఉన్నది. ఒకే ఒక కన్ను రొమ్ము మీద ఉన్నది. చేతులు యోజనం పొడుగు. అంత పొడుగు చేతులున్నవాడు ఏం చేస్తాడు? నడిచి రావలసిన అవసరం లేదు గనక, ఉన్నచోటనే ఉండి చేతులు చాచి ఇద్దర్నీ పట్టుకున్నాడు. వాణ్ణి ఎట్లా గెలవాలి? కుడి చెయ్యి రాముడూ, ఎడమ చెయ్యి లక్ష్మణుడూ నరికారు.

ఇందులో వృథా అయిన మాట ఒక్కటి లేదు. ముందు చప్పుడు, తరువాత ఆకారం, తరువాత చేతులు. చేతుల పొడుగే వాడి బలం, చేతులే వాడి లోపం. విన్నవాడికి వాడి రూపంతో పాటు వాణ్ణి జయించే దారి కూడా తెలిసిపోయింది. ఇంకొక విశేషమున్నది. ఆ అన్నదమ్ములకు వాడు ఎవడో తెలిసింది చేతులు తెగిన తరువాతనే. ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బకు తన తలా తొడలూ శరీరంలోకి దిగబడ్డాయని వాడే చెప్పాడు. తనను దహనం చెయ్యమని కోరి, ఆ తరువాత సుగ్రీవుడితో స్నేహం చెయ్యమని దారి చూపించాడు. రాక్షసుడు అడ్డం తొలగితే కథ ముందుకు సాగాలి గాని, అక్కడ శవం మాత్రమే మిగిలితే లాభమేమిటి?

బకాసురుడి కథలో ఇంకో రకం నేర్పు ఉన్నది. ఏకచక్రపురంలో పాండవులు ఒక బ్రాహ్మడి ఇంట తల దాచుకున్నారు. ఆ ఇంట్లో ఒకనాడు ఏడుపులు వినిపించాయి. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకుపోయే మనిషి—ఇదీ ఊరు బకాసురుడికి కట్టే కప్పం. ఈ రోజు వంతు ఈ ఇంటిది. నేను పోతానంటే నేను పోతానని భర్త, భార్య, కూతురు వాదులాడుకుంటున్నారు. ఇంకా మాటలు సరిగా రాని చంటివాడు ఒక గడ్డిపోచ పుచ్చుకుని, దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానన్నాడు. ఏడుస్తున్న పెద్దలకు కూడా నవ్వు వచ్చింది. బకుడు ఇంకా కంటబడనే లేదు. వాడి పళ్ళెంతో, ఒళ్ళెంతో మనకు తెలియదు. కాని వాడు ఎంతటివాడో ఆ ఇంటివాళ్ళ మాటల వల్ల తెలిసింది, ఆ గడ్డిపోచ వల్ల మరీ తెలిసింది. తరువాత భీముడు బండి తోలుకుపోయి, బకుడు చూస్తుండగా ఆ అన్నం తానే తింటూ కూచుంటే, మనకు పట్టరాని ఆనందం కలుగుతుంది. ముందు ఆ ఏడుపు వినకపోతే ఈ ఆనందం ఎక్కడిది?

ఈ విద్య కోడంబాక్కం సినిమాలవారికి కూడా తెలుసు. విజయావారి 'పాతాళభైరవి' 1951లో వచ్చింది. అందులో రంగారావుగారు నేపాళ మాంత్రికుడు. మాంత్రికుడి శక్తి వాడి గడ్డంలో ఉన్నది. ఆ గడ్డం మొదటి నుంచీ మన కళ్ళ ఎదుటే ఉంటుంది. మనం దాన్ని వేషంలో భాగమనుకుంటాం. చివరకు అంజిగాడు మాయమాటలు చెప్పి ఆ గడ్డం తీయించినప్పుడు, అరే, ఇంతసేపూ ఇది మన ముందే ఉన్నదే అనిపిస్తుంది. అంతకు ముందు 1942లో జెమినీవారు తీసిన 'బాలనాగమ్మ' కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో దూరాన చిలుకలో ఉన్నది. అదీ లోపమే గాని, వాణ్ణి చూస్తే తెలిసేది కాదు, అడిగి తెలుసుకోవాలి. రెండూ మంచి పద్ధతులే. లోపం ఎక్కడో ఒకచోట ఉండాలి, వినేవాడికి అందేటట్టు ఉండాలి.

1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఈ విద్య పరాకాష్ఠకు చేరింది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాడు. తెర మీద ఉన్నది సావిత్రిగారు. రూపం ఆడపిల్లది, నగలు ఆడపిల్లవి. కాని నడకా, చూపూ, చెయ్యి విసిరే తీరూ రంగారావుగారివి. అక్కడ రాక్షసత్వం ఆవగింజంత కూడా రూపంలో లేదు, అంతా చేతలలో ఉన్నది. ఆ సన్నివేశం చూసిన ఏ చిన్నపిల్లకీ, "ఈమె ఘటోత్కచుడు" అని ఎవరూ చెప్పవలసిన పని లేదు. ఆ స్టూడియో ఉన్నచోట ఇప్పుడు ఆస్పత్రీ, పెద్ద మాలూ ఉన్నాయి. చందమామ కూడా ఆగిపోయి పదేళ్ళు దాటింది.

ఈ మధ్యలో మన రాక్షసుడు సముద్రం దాటి వెళ్ళి, వేషం మార్చుకుని తిరిగి వచ్చాడు. ఆ కథ చెప్పకపోతే ఈ విషయం పూర్తి కాదు. 1974 డిసెంబరులో అమెరికా టెలివిజనులో ఒక భయానక ధారావాహికలో రాక్షసుడు కనిపించాడు. చూసేవాడు ఎవరిని నమ్ముతాడో వారి రూపంలో వాడు దగ్గరికి వస్తాడు. మంత్రించిన బాణంతో గాని చావడు. ఆ మరుసటి ఏడు పాత్రల ఆటవారు వాణ్ణి తమ పత్రికలోకి తీసుకున్నారు. 1977 పుస్తకంలో వాడికి పులి తల పెట్టి, దొరల చొక్కా తొడిగి, చేతికి పొగగొట్టం ఇచ్చి బొమ్మ వేశారు. తరువాత తరువాత వాడి అరచేతులు వెనక్కి తిరిగి ఉంటాయని కూడా ప్రసిద్ధమయింది.

కనక ఇప్పుడు మన ఇంట్లో పిల్లవాణ్ణి రాక్షసుడంటే ఎట్లా ఉంటాడని అడిగితే, "పులి తల ఉంటుంది తాతయ్యా, చేతులు తిరగేసి ఉంటాయి" అని చెబుతాడు. మా ఇంట్లో జరిగింది ఇదే. దీనికి కోపగించి లాభం లేదు. పులి తల మన పురాణాలలో రాక్షసజాతి లక్షణం కాకపోవచ్చు గాని, కావలసిన రూపం ధరించడం మన రాక్షసులకు వెన్నతో పెట్టిన విద్యే. మారీచుడు బంగారు లేడి కాలేదా? తిరగబడ్డ అరచేతులు చూస్తే, పాదాలు వెనక్కి తిరిగిన మన దయ్యాలు గుర్తుకు రాకమానవు. అక్కడివారు మనవాడి పేరు తీసుకుని, తమ పిల్లలకు కనిపించేటట్టు చేశారు. మనవాణ్ణి మన పిల్లలకు కనిపించేటట్టు చేసే పని మనది. పులి తల వాడి పక్కన మన వాడు కూడా వాళ్ళ మనసులో ఉండాలంటే, ఆ పులి తల అంత స్పష్టంగా మనం కూడా ఏదో ఒకటి చూపించగలగాలి.

ఊరికే సిద్ధాంతం చెప్పడం కన్నా ఒక మచ్చు చూపించడం మేలు. ఊరి చెరువు గట్టు మీద బ్రహ్మరాక్షసుడు ఉన్నాడనుకుందాం. మామూలుగా ఇట్లా రాస్తారు:

"చెరువు గట్టు మీద రావిచెట్టుపై ఒక భయంకరమైన బ్రహ్మరాక్షసుడు ఉన్నాడు. వాడి రూపం వర్ణనాతీతం. వాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. వాణ్ణి చూడగానే మీ గుండె ఆగినంత పని అయింది."

వర్ణనాతీతమైతే ఇక ఈ పేరా ఎందుకు? చింతనిప్పు చూసిన పిల్లలు ఈనాడు మదరాసులో ఎంతమంది? దీన్నే ఇంకో రకంగా చెప్పి చూద్దాం:

"చెరువు గట్టు మీద రావిచెట్టు ఉన్నది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. ఒక్క కొమ్మ మాత్రం ఊగుతున్నది. ఎవరో వేదం చెబుతున్నారు. గొంతు కమ్మగా ఉన్నది. కాని ఒక మాట దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటికి వస్తున్నారు. అదే పనస, అదే చోట ఆగడం. చెట్టు మొదట్లో ఎవరూ లేరు. గొంతు పై నుంచి వస్తున్నది. ఊగే కొమ్మ మీద ఒక ముసలాయన కూచుని మీకేసి చూస్తున్నాడు. మొహం మీ వైపు ఉన్నది. వేలాడే పాదాల వేళ్ళు మాత్రం మాను వైపు తిరిగి ఉన్నాయి. ఆయన చెప్పడం ఆపి, 'తరువాతి మాట ఏమిటి?' అని అడిగాడు."

ఇంతవరకు గీత లోపల. గీత బయట, చదివేవారికి మాత్రం ఇంకో నాలుగు మాటలు: ఈయన బతికి ఉన్నప్పుడు గొప్ప పండితుడు. వచ్చిన విద్య ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. ఆ పాపానికి ఇట్లా అయిపోయాడు. కత్తి వల్ల ఈయనకు ఏమీ కాదు. మరిచిపోయిన మాట ఎవరైనా అందిస్తే విముక్తి కలుగుతుంది. తప్పు మాట అందిస్తే చెట్టు దిగుతాడు. ఆ మాట తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. వాడు ఆయన దగ్గర విద్య అడిగి లేదనిపించుకున్న పిల్లవాడు, ఇప్పుడు గొడ్లు కాసుకుంటున్నాడు. మిగిలినది ఆడేవాళ్ళ ఇష్టం.

ఇందులో 'భయం' అనే మాట లేదు. బ్రహ్మరాక్షసుడనే పేరు కూడా గీత లోపల లేదు. పాదాలు చూసి ఏ పిల్లో, "అమ్మో, మనిషి కాదు!" అంటే అది ఆమె సొంతంగా కనిపెట్టిన సంగతి అవుతుంది. వాక్యాలు పొట్టివి గనక ఎవరైనా తడబడకుండా చదవగలరు. ఆఖరున ప్రశ్న ఉన్నది గనక జవాబు చెప్పక తప్పదు. పనస అంటే ఏమిటని పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి. అడిగితే చెప్పడానికే గదా మధ్యన ఒక మనిషి ఉన్నది! వేదాన్ని వల్లించడానికి చేసుకున్న భాగాలని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోవచ్చు.

ఇదంతా చదివి, మాకు ఆ ఆట రాదే అని అధైర్యపడే పెద్దలకు ఒక మాట. పాచికల లెక్కలూ, దెబ్బల అంకెలూ పిల్లలే చూసుకుంటారు, వాళ్ళు ఆ విషయంలో ఘనులు. మీరు ఒక్క రాక్షసుణ్ణి ఇస్తే చాలు. మీ ఊళ్ళో చెప్పుకున్న కొరివిదయ్యమే కావచ్చు, మీ అమ్మమ్మ అన్నం పెడుతూ చెప్పిన రాకాసే కావచ్చు. దాన్ని ఎనిమిది, పది చిన్న వాక్యాలలో పెట్టండి. ముందు ఏం వినిపించింది, తరువాత ఏం కనిపించింది, అది ఏం చేస్తున్నది, చివరకు ఏం అడిగింది. దాని లోపం వేరే కాగితం మీద రాసుకోండి. పేరు అడిగేదాకా చెప్పకండి. తెలుగు చదవలేని పిల్లవాడే ఆట నడుపుతుంటే, వాడికి రెండుసార్లు చెప్పి, వాడి మాటల్లో మళ్ళీ చెప్పించండి. వాడు తమిళమూ ఇంగ్లీషూ కలిపి చెప్పినా మధ్యలో అడ్డు తగలకండి. తరువాతి వారం వాడే వచ్చి ఒక తెలుగు మాట అడుగుతాడు.

అట్లా రాసిన రాక్షసులను ఈ శీర్షికకు పంపితే, వీలున్నంత వరకు వచ్చే సంచికలలో వేస్తాము. ఒక్కటే నియమం: పంపే ముందు ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించండి. వినేవారు మధ్యలో, "తరువాత?" అన్నచోట చిన్న గుర్తు పెట్టండి. ఎక్కడా అనకపోతే ఇంకొకసారి రాయండి.